రామ్‌స్టైన్ సేవకి వెళ్లే పెద్ద దంపతులకు

రిటైరయ్యాక క్రైస్తవ మిషన్ సేవకని జర్మనీ బయల్దేరే మన పాలకొల్లు, నరసాపురం వైపు దంపతులకండీ ఇది. మేమిద్దరం ఉన్నది కైజర్స్‌లౌటర్న్ దగ్గర, రామ్‌స్టైన్ అమెరికా వైమానిక స్థావరం పక్కన.

స్థావరంలోకి మనంతట మనం వెళ్లలేం. లోపలి మనిషి ఎవరైనా పూచీపడి పాసు రాయించాలి. ఆ తంటా ఎందుకు, ప్రార్థన కూడికలు మీ ఇంట్లోనే పెట్టుకోండి.

అసలు సేవంతా వంటింట్లోనే ఉంది. స్థావరం బ్యారక్సులో, అంటే సైనికుల వసతి గదుల్లో, ఉండే 19, 20 ఏళ్ల సైనికుల పిల్లకాయలు ఇంటి తిండికి మొహం వాచి ఉంటారు. పులిహోర కలపండి. పచ్చిమిరపకాయలు తగ్గించి, ఇంగువ పోపు మాత్రం వీధిలోకి వాసనొచ్చేలా వెయ్యండి. గిన్నె అడుగు గీకేదాకా లేవరు, ఆయ్! తిన్నాక ఒక కీర్తన, చిన్న బైబిలు వాక్యం, చాలు. మా ఆయన ప్రసంగం సాగదీస్తే నేను గరిటెతో గిన్నె మీద టంగుమనిపించేదాన్ని.

"ఎక్కడికి పంపుతున్నారు బాబూ, ఎప్పుడు?" అని అడక్కండి. వాళ్లు చెప్పకూడదు. భర్త డ్యూటీ మీద దూరం వెళ్లిన ఇంటికి కబురు పెట్టి వెళ్లండి. "ఏం కావాలమ్మా" అంటే ఏమీ వద్దంటుంది. పసిపిల్లని చేతుల్లోకి తీసుకుని "నువ్వెళ్లి కాసేపు పడుకో" అనండి, అంతే.

ఆదివారం అక్కడ కొట్లు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. నెయ్యి, పాలకోవా యూరప్‌లోకి రానివ్వరు, పెట్టెలో పెట్టకండి. చింతపండు మాత్రం దండిగా సర్దుకోండి, అక్కడ మాకు దొరికినదాంట్లో పులుపే లేదు.