మీ వేలిముద్రకు తాళం వేసుకోండి: ఆధార్ విషయంలో ఈ వారమే చేయాల్సిన పనులు

పోయినేడాది మా పెద్దమ్మ ఖాతాలోంచి రెండు రోజుల్లో రెండుసార్లు డబ్బులు పోయాయి. మొదటి రోజు 10,000, మర్నాడు 8,000. ఆవిడకి ఏటీఎం కార్డు లేదు, ఫోన్‌పే లేదు, ఓటీపీ ఎవరికైనా చెప్పిందా అంటే అసలు ఓటీపీ రానే లేదు. బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన స్క్రీన్ చూసి "మీ వేలిముద్ర పడింది కాబట్టే డబ్బు వెళ్ళిందమ్మా, మీరే ఎక్కడో వేసుంటారు" అన్నాడు. డబ్బు పోయిన ఆ రెండుసార్లూ ఆవిడ ఇంట్లోనే ఉంది. అంతకు రెండు నెలల ముందు మాత్రం పొలం రిజిస్ట్రేషన్‌కి వెళ్ళి, కాగితాల మీద వేలిముద్రలు వేసి, వెనకాల ఆధార్ జిరాక్స్ జతచేసి వచ్చింది. దొంగతనం అక్కడి నుంచే మొదలైందని నేను రుజువు చేయలేను. కానీ అప్పటి నుంచి మా చుట్టాల్లో, వీధిలో ఎవరు కలిసినా ముందు ఆధార్‌కి తాళం వేశారా అని అడుగుతున్నాను. ఎలా వేయాలో చెప్పి చెప్పి, ఇక రాసి పెడితే నయం అనిపించింది.

ముందు ఈ డబ్బు ఎలా పోతుందో తెలియాలి. పల్లెల్లో బ్యాంక్ మిత్ర దగ్గర, కొన్ని కిరాణా కొట్లలో, చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకోవడం చూసే ఉంటారు. దాని పేరు ఏఈపీఎస్, అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి. దానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఒక్కసారికి 10,000 వరకు తీయొచ్చు. చదువు రానివాళ్ళకి, ఏటీఎం దూరంగా ఉన్న ఊళ్ళవాళ్ళకి ఇది నిజంగా మేలు చేసింది, దాన్ని నేను కాదనను. కాకపోతే ఆ మూడు వివరాలూ ఒకే కాగితాల కట్టలో దొరికే చోట్లు మన దగ్గర బోలెడు.

2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడిన కేసు గుర్తుందా? సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టిన భూమి పత్రాలు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్ళు తయారుచేశాడు. వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పెద్ద కంప్యూటర్ హ్యాకింగ్ ఏమీ లేదు అందులో. ప్రభుత్వం చేతులారా ఆన్‌లైన్‌లో పెట్టిన కాగితాలు చాలాయి. ఆ తర్వాత 2023లో ఆధార్ సంస్థ యుఐడీఏఐ, పెట్టిన వేలు ప్రాణమున్నదా కాదా అని పరీక్షించే ఏర్పాటు తెచ్చింది. మంచిదే. అయినా నేను దాని మీదే భరోసా పెట్టుకుని కూర్చోను, మీరూ కూర్చోకండి.

సరే, పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముందు మీ ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు లింక్ అయి ఉందో చూసుకోండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఆధార్‌కి ఎప్పుడో పోయిన సిమ్ నంబరో, ఎన్‌రోల్‌మెంట్ రోజు పక్కన నిలబడ్డ మేనల్లుడి నంబరో ఉంటుంది. ఆ నంబరు చేతిలో లేకపోతే కింద చెప్పినవాటిలో చాలావరకు చేయలేరు. నంబరు మార్చడానికి ఆధార్ సెంటర్‌కి మనిషి స్వయంగా వెళ్తే కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర వేస్తే చాలు. రుసుము ఎంతో రసీదు మీదే ఉంటుంది, అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి. ఎక్కువ అడిగితే 1947కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు తాళం. బ్రౌజర్‌లో మైఆధార్ వెబ్‌సైట్ తెరవండి. చిరునామా చివర యుఐడీఏఐ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో కళ్ళారా చూసుకోండి, ఎందుకంటే వెతికితే ముందు వచ్చేవన్నీ అసలువి కావు. 12 అంకెల నంబరు, ఓటీపీ కొట్టి లాగిన్ అవ్వండి. లోపల "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" అని ఉంటుంది. అది నొక్కి, అక్కడ రాసింది చదివి, టిక్ పెట్టి, లాక్ చేయండి. మొత్తం ఐదు నిమిషాల పని. ఆ క్షణం నుంచి మీ వేలిముద్ర, కనుపాప, ముఖం, ఈ మూడింటిలో దేనితోనూ ఎవరూ మీ పేరున ధ్రువీకరణ చేయలేరు. మీ రబ్బరు వేలు ఎవడి దగ్గరున్నా మిషన్ ఒప్పుకోదు. ఓటీపీతో జరిగే పనులు మామూలుగానే జరుగుతాయి.

ఆ పక్కనే ఆధార్ నంబరుకే తాళం వేసే సదుపాయం కూడా కనిపిస్తుంది. అది వేరు. అది వేస్తే నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ వాడాల్సి వస్తుంది, ఆ ఐడీ ముందే తీసుకుని జాగ్రత్తగా దాచుకోవాలి. ఫోన్ వాడకం బాగా తెలిసినవాళ్ళు వేసుకోవచ్చు. పెద్దవాళ్ళకి మాత్రం నేను బయోమెట్రిక్ తాళం ఒక్కటే వేస్తాను.

చాలామంది ఇక్కడే ఇబ్బందిపడి మళ్ళీ తాళం తీసేస్తారు. తాళం వేశాక రేషన్ షాపులో ఈపాస్ మిషన్ వేలు తీసుకోదు. పింఛను ఇచ్చేటప్పుడు, పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, కొత్త సిమ్ వేలిముద్రతో తీసుకునేటప్పుడు కూడా అంతే. అప్పుడు అదే చోటికి వెళ్ళి "తాత్కాలికంగా అన్‌లాక్" నొక్కాలి. 10 నిమిషాలు తెరుచుకుని, దానంతటదే మళ్ళీ పడిపోతుంది. కాబట్టి ఇంట్లో తీసి బయల్దేరకండి, దారిలోనే టైము అయిపోతుంది. క్యూలో ముందు ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు తీయండి. పెద్దమ్మ విషయంలో మేం చేసుకున్న ఏర్పాటు ఏంటంటే, ఆవిడ షాపు దగ్గర నిలబడి మా తమ్ముడికి ఫోన్ చేస్తుంది, ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వస్తుంది, చదివి చెప్తుంది, వాడు ఇక్కడి నుంచి తీస్తాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఒకపక్క నేర్పుతూ ఇంకోపక్క ఇలా చెప్పించడం నాకూ నచ్చలేదు, అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: ఫోన్ ఆవిడే చేయాలి, ఓటీపీ చెప్పమని ఆవిడకి ఎవరు ఫోన్ చేసినా, అది తమ్ముడి గొంతే అయినా, పెట్టేయాలి.

ఈ తతంగమంతా చూస్తే నాకు కోపం వస్తుంది. ఎవరికైతే ఈ మోసం వల్ల ఎక్కువ నష్టమో, ఎవరి ఖాతాలో పింఛను డబ్బులు, ఉపాధి హామీ కూలి తప్ప ఇంకేం ఉండవో, వాళ్ళకే తాళం వేసుకోవడం కష్టం. స్మార్ట్‌ఫోన్, లింక్ అయిన నంబరు, చదవగలిగే కళ్ళు, ఇవన్నీ ఉంటేనే రక్షణ అంటే అది రక్షణ కాదు. పుట్టుకతోనే తాళం పడి ఉండి, కావాలన్నవాళ్ళు తెరుచుకునేలా పెట్టాలి. ఏఈపీఎస్ కూడా మనిషి సంతకం పెట్టి అడిగితేనే మొదలవ్వాలి. ఇప్పుడు ఖాతాకి ఆధార్ లింక్ చేయడంతోనే ఆ దారి తెరుచుకుంటోంది, ఆ సంగతి సగంమంది ఖాతాదారులకి తెలియదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇందులో పెద్ద తేడా నాకు కనిపించలేదు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదికలో, నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని రాశారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకోటి చంద్రన్న బీమాది. కూలీల పేర్లు, ఖాతా నంబర్లు బయట పెట్టి, తర్వాత జాగ్రత్తగా ఉండండని కూలీలకే చెప్పడం న్యాయం కాదు.

అందుకే రెండో పని బ్యాంకులో. వేలు పెట్టి డబ్బు తీసే అలవాటు మీకు లేకపోతే మీ బ్రాంచికి వెళ్ళి "నా ఖాతాకి ఏఈపీఎస్ ఆపేయండి" అని కాగితం మీద రాసి ఇవ్వండి. కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఆపుకోవచ్చు. నోటితో అడిగి రావద్దు, రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. పని పూర్తయ్యేదాకా ఆ నకలే మీకు ఆధారం.

మూడోది జిరాక్సుల సంగతి. మనవాళ్ళు ఆధార్ జిరాక్స్‌ని కరపత్రం పంచినట్టు పంచుతారు. లాడ్జిలో, కోచింగ్ సెంటర్లో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, అద్దె ఇంటికి. పోనీ అడిగినవాళ్ళు దాన్ని ఏం చేస్తారంటే, ఏడాది తర్వాత చిత్తుకాగితాల్లో వేస్తారు. మిర్చి బజ్జీ పొట్లంగా వచ్చిన ఆధార్ జిరాక్స్ నేనే ఒకసారి చూశాను. గుర్తింపు చూపిస్తే చాలనే చోట డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో చూపించండి. ఆధారే కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మైఆధార్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు "మాస్క్‌డ్" అన్నది టిక్ పెడితే మొదటి 8 అంకెలు కనబడకుండా, చివరి 4 మాత్రమే ఉన్న కాపీ వస్తుంది. ఆ ఫైలు పాస్‌వర్డ్, మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దవి, వెంటనే పుట్టిన సంవత్సరం. ఒకటి గుర్తుంచుకోండి: మాస్క్‌డ్ కాపీలో నంబరు ఒక్కటే దాగుతుంది, చిరునామా అలాగే ఉంటుంది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేరు, పుట్టినతేదీ, ఫోటో వస్తాయి. ఎందుకిస్తున్నారో, ఎవరికో, ఏ తేదీనో కాపీ మీద అడ్డంగా, అక్షరాల మీదుగా పెన్నుతో రాసి ఇవ్వండి. 2022 మేలో బెంగళూరు యుఐడీఏఐ ప్రాంతీయ కార్యాలయం సరిగ్గా ఇదే చెప్పింది, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి అని. రెండు రోజుల్లో కేంద్రం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది, జనం తప్పుగా అర్థం చేసుకోవచ్చని. నా దృష్టిలో ఆ మొదటి మాటే సరైనది.

"ఆధార్ లేకపోతే కుదరదు" అన్నప్పుడు ఏం మాట్లాడాలో కూడా తెలిసి ఉండాలి. 2012లో కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులోనే, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టం మీద తీర్పు వచ్చింది. సబ్సిడీలకి, పాన్ కార్డుకి, ఆదాయపు పన్ను రిటర్నుకి ఆధార్ అడగొచ్చన్నారు. బ్యాంకు ఖాతాకి, సిమ్ కార్డుకి, స్కూలు అడ్మిషన్‌కి తప్పనిసరి చేయకూడదన్నారు. తర్వాత 2019 సవరణతో బ్యాంకులు, టెలికాం కంపెనీలు మీరు ఇష్టపడి ఇస్తే తీసుకోవచ్చని వచ్చింది, అంటే ఇవ్వనని చెప్పే హక్కు మీకే ఉంది. పిల్లల్ని స్కూల్లో చేర్చేటప్పుడు గొడవ పడక్కర్లేదు, "సుప్రీంకోర్టు తప్పనిసరి కాదంది కదండీ, బర్త్ సర్టిఫికెట్ ఇస్తాను, అయినా ఆధారే కావాలంటే ఏ ఉత్తర్వు ప్రకారమో రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. నేను ఇలా రెండుచోట్ల అడిగాను. రెండుచోట్లా ఆధార్ లేకుండానే పని జరిగింది. ప్రతిచోటా జరుగుతుందని మాట ఇవ్వలేను.

నెలకోసారి చూసుకోవాల్సినవి రెండు. మైఆధార్‌లోనే "ఆథెంటికేషన్ హిస్టరీ" ఉంటుంది, గత 6 నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు, ఎప్పుడు, ఓటీపీతోనా వేలితోనా వాడారో అందులో కనిపిస్తుంది. మీరు వెళ్ళని రోజున వేలిముద్ర పడి ఉంటే అది పెద్ద హెచ్చరిక. రెండోది సంచార్ సాథీ వెబ్‌సైట్. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది, మీవి కానివాటి పక్కన "నా నంబరు కాదు" అని పెడితే కంపెనీ విచారించి ఆపుతుంది. ఈ సదుపాయం 2021లో మొదట మొదలైంది మన తెలుగు రాష్ట్రాల్లోనే.

ఇంత చేసినా, లేక చేసేలోపే డబ్బు పోతే, టెన్షన్ పడి పక్కవాళ్ళని సలహా అడుగుతూ గంటలు పోగొట్టుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల జాతీయ నంబరు, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ వెంటనే తాళం వేయండి, లేకపోతే మర్నాడు ఇంకొంత పోతుంది, పెద్దమ్మకి జరిగింది అదే. తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న తెచ్చిన నిబంధన ప్రకారం, తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో మూడోవాళ్ళది అయినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో మీరు చెబితే మీ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే కొంత పరిమితి వరకు మీరు భరించాలి. ఫిర్యాదులో ఆ నిబంధన సంగతి రాయండి, రాస్తే మాట తీరు మారుతుంది. "నా వేలు నేను పెట్టలేదు, ఆ సమయంలో ఫలానా ఊళ్ళో ఉన్నాను, లావాదేవీ జరిగిన మిషన్ ఎక్కడిదో, ఏజెంటు ఎవరో చెప్పండి" అని కూడా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి అయిన రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, దానికి రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

పెద్దమ్మ తరఫున మేం రెండో రోజు సాయంత్రమే కాగితం ఇచ్చాం. కౌంటర్లో తీసుకోనంటే మేనేజర్ గది ముందు కూర్చున్నాం, స్టాంపు వేసేదాకా లేవలేదు. లావాదేవీ జరిగిన మిషన్ ఆవిడ ఎప్పుడూ చూడని జిల్లాలో ఉందని వాళ్ళే తేల్చారు. 18,000 వెనక్కి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.