జలవిద్యుత్ డీపీఆర్: ముందు రెండు యూనిట్లు, అవసరాన్ని బట్టి మరో రెండు

విజయనగరంలో మా ఇంటికి జలవిద్యుత్ ప్రాజెక్టుల డీపీఆర్‌లు (సవివర ప్రాజెక్టు నివేదికలు) పట్టుకొచ్చే కుర్ర ఇంజనీర్ల లెక్కల్లో ఒకే కరెంటు ధర, ఒకే వడ్డీ రేటు 35 ఏళ్లపాటు కదలకుండా కూర్చుంటాయి. నా ఎర్ర పెన్ను ముందు అక్కడే పడుతుంది. పోలవరం అంచనా 2005–06 ధరల్లో 10,151 కోట్లు, 2017–18 ధరల్లో 55,548 కోట్లు. ఈ రెండు అంకెలు తెలిసి కూడా ఒకే అంకె రాసేవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి!

నిర్మాణ ఖర్చు, వడ్డీ, కరెంటు ధర, ఇన్‌ఫ్లో (నదిలో వచ్చే నీరు). ఈ నాలుగింటికీ కనిష్ఠం, గరిష్ఠం రాయండి. ఆ మధ్యలో విలువలు మారుస్తూ కంప్యూటర్‌లో వెయ్యిసార్లు లెక్క తిప్పండి. వచ్చిన సగటు కన్నా, బాగా నష్టపోయిన వంద ఫలితాలనే శ్రద్ధగా చూడండి. ఇన్‌ఫ్లోకి మాత్రం సగటు వాడవద్దు. నాగావళి, వంశధారల్లో తిత్లీ లాంటి ఒక్క తుపాను ఏడాది సగటునే మార్చేస్తుంది. వరుస కరవు ఏళ్లు విడిపోకుండా పాత రికార్డును కొన్నేసి ఏళ్ల ముక్కలుగా వాడండి. కరెంటు ధర గంటలవారీగా ఉండాలి. సోలార్ వచ్చాక మధ్యాహ్నపు కరెంటు ధరకూ సాయంత్రపు ధరకూ పోలిక లేదు.

తర్వాత డిజైన్‌ను దశలుగా విడదీయండి: ముందు కొన్ని యూనిట్లు (టర్బైన్, జనరేటరు జతలు), అవసరాన్ని బట్టి మిగతావి. ఇదేమీ కొత్త విద్య కాదు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955–56లో 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 1959లో 21.25 మెగావాట్లవి మరో మూడు వచ్చాయి.

ఊహాజనితమైన లెక్క ఒకటి చూద్దాం. నాలుగు యూనిట్లూ ఇప్పుడే కడితే 400 కోట్లు. సివిల్ పనులన్నీ చేసి రెండే బిగిస్తే 270 కోట్లు, ఐదేళ్లకు మిగతా రెండింటికి 160 కోట్లు. మొత్తం 430 అని ఆర్థిక శాఖ గోల పెడుతుంది. పదిశాతం వడ్డీన ఆ 160 కోట్ల నేటి విలువ 99 కోట్లే, అంటే మొత్తం 369. ఆగినందుకు ఐదేళ్లలో పోయే నికర రాబడి నేటి విలువలో 31 కోట్లు దాటకపోతే ఆగడమే లాభం. గిరాకీ అసలు రాకపోతే 130 కోట్లు మిగులుతాయి.

ఇందుకోసం ఇప్పుడే చేయాల్సినవి: పెన్‌స్టాక్‌కు (టర్బైన్లకు నీరు తెచ్చే పెద్ద గొట్టం) మూత బిగించిన కొమ్మలు, పవర్‌హౌస్‌లో ఖాళీ బేలు (యూనిట్లు బిగించే చోట్లు), వాటిదాకా నడిచే క్రేన్, స్విచ్‌యార్డులో (కరెంటును లైన్లకు ఎక్కించే చోటు) స్థలం.

ఆనకట్ట ఎత్తుతో, ముంపుతో మాత్రం ఈ ఆట వద్దు. పునాది మొదటే చివరి ఎత్తుకు సరిపోవాలి. పూర్తి నీటిమట్టం మొదటి రోజే ప్రకటించి, పునరావాసం ఒకేసారి ముగించాలి. వంశధార ప్రాజెక్టు హిరమండలం రిజర్వాయరు నిర్వాసితులతో మాట్లాడినవారెవరూ ‘మిగతా ఊళ్లు రెండో దశలో’ అని రాయలేరు. అంతర్రాష్ట్ర జలాలనూ కంప్యూటర్ లెక్కలో కలపవద్దు. వంశధార మీద ఒడిశాతో ముడిపడిన నేరడి బ్యారేజీకి ఎంత శాతం అవకాశం వేస్తారు? అది ఉంటే ఒక లెక్క, లేకుంటే మరో లెక్క, విడివిడిగా వేయండి.

విస్తరణ ఎప్పుడన్నది డీపీఆర్‌లోనే రాయాలి. ఉదాహరణకు, వరుసగా మూడేళ్లు సాయంత్రపు ధర ఫలానా మొత్తం దాటితే, వానాకాలంలో స్పిల్‌వే మీద ఇంత నీరు వృథాగా పోతే మూడో యూనిట్‌కు టెండరు. ఏటా మార్చిలో ఆ అంకెలు చూసి సంతకం చేయాల్సిన అధికారి హోదా కూడా అక్కడే ఉండాలి. లేకపోతే ఆ ఖాళీ బేలు సిమెంటు బస్తాల గోదాము అవుతాయి.