గేటు మోటారు మనమే బిగిద్దాం – 3వ పాఠం: సెన్సార్ లైను, కరెంటు లైను

కిందటి పాఠంలో దిమ్మ పోసి, మోటారు నిలబెట్టి, స్లైడింగ్ గేటుకి ర్యాక్, అంటే పళ్ల పట్టీ, బిగించేదాకా వచ్చాం. మోటారు పళ్ల చక్రం (పినియన్) పళ్లకీ ర్యాక్ పళ్లకీ మధ్య ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల సందు వదలమన్నాను. మోటారును తాళంచెవితో విడిపించి, గేటును ఈ చివరి నుంచి ఆ చివరికి చేత్తో తోసి చూడండి. ఎక్కడైనా పట్టేస్తుంటే ఈ పాఠం మొదలుపెట్టకండి. ట్రాక్‌లో ఉన్న తప్పు వైరింగ్‌తో పోదు.

మోటారు కూర్చోగానే అందరికీ రిమోట్ నొక్కి చూడాలని ఆత్రంగా ఉంటుంది. నేను మాత్రం, దారిలో ఏదైనా అడ్డుంటే కనిపెట్టి గేటును ఆపించే సెన్సార్ లైను కలిపాకే మిగతా పని ముట్టుకోమంటాను. ఒకప్పుడు నేనూ ఆత్రపడినవాణ్నే.

శ్రీకాకుళం శివార్లలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు. పని అయ్యేసరికి చీకటి పడింది, సెన్సార్‌కి తెచ్చిన కేబుల్ రెండు మీటర్లు చాలలేదు. మోటారు బోర్డు మీద కామన్‌కీ సెన్సార్ టెర్మినల్‌కీ మధ్య చిన్న వైరు ముక్క వేసి, దారి ఖాళీగా ఉందని బోర్డు అనుకునేలా చేసి, గేటు నడిపించి చూపించి, రేపొచ్చి పూర్తిచేస్తానని వచ్చేశాను. రెండు రోజులు వెళ్లడం కుదరలేదు. మూడో రోజు పొద్దున్నే ఫోన్.

“బాబూ, సెన్సార్ పెట్టావు కదా, గేటు ఆగలేదేంటి?”

“పెట్టాను మాస్టారూ. లైను కలపలేదండీ.”

వెళ్లి చూస్తే వాళ్ల మనవడి సైకిలు. గేటు దారిలో స్టాండు వేసి, మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడట పిల్లవాడు. గేటు ఆ సైకిల్ని తీసుకెళ్లి స్తంభానికి అదిమేసింది. వెనక చక్రం మడతపడి, చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు, ఆ చక్రం చూపించి ఊరుకున్నారు. ఆ రోజు నుంచి సెన్సార్ కలపకుండా నేను ఏ గేటూ నడపలేదు. మీరూ నడపకండి.

ఇక పనిలోకి వద్దాం. ఫొటో సెన్సార్ అంటే రెండు డబ్బాలు. ఒకటి కంటికి కనిపించని కిరణాన్ని పంపుతుంది, ఎదురు స్తంభం మీదున్నది అందుకుంటుంది. రెండింటినీ నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకే మట్టంలో బిగించండి. ఇంకా ఎత్తులో పెడితే పాకే పిల్లలు, కుక్కలు కింద నుంచి దూరిపోతారు. మరీ కిందకి దించితే వానకి ఎగిరే బురద అద్దం మీద పడుతుంది. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు.

కిరణం అందుకునే డబ్బా ఎటువైపు పెట్టాలో ముందే ఆలోచించండి. ఉత్తరం గేటు, దక్షిణం గేటు ఉన్న ఇళ్లలో కిరణం తూర్పు పడమరలుగా వెళ్తుంది. పొద్దుటి ఎండో సాయంత్రపు ఎండో నేరుగా ఆ డబ్బా అద్దంలో పడితే, ఎదురుగా ఏమీ లేకపోయినా గేటు మొరాయిస్తుంది. ఎదురుగా ఇల్లో చెట్టో అడ్డుండి, ఎండ నేరుగా పడని వైపుకి దాని ముఖం తిప్పండి. అలా కుదరకపోతే పైన చిన్న రేకు చూరు బిగించండి.

పంపే డబ్బాకి రెండే వైర్లు, బోర్డు నుంచి వచ్చే 24 వోల్టుల సప్లై. మీ మోడల్‌కి ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే కలపండి. అందుకునే డబ్బాకి ఆ రెండూ కాక ఇంకో రెండు కావాలి. అక్కడ సాధారణంగా కామ్ (కామన్), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్, మామూలుగా కలిసుండేది), ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్, మామూలుగా విడిపోయి ఉండేది) అని మూడు గుర్తులుంటాయి. మనకు కావలసినవి కామ్, ఎన్‌సీ. వాటిని బోర్డు మీద కామన్‌కీ, ఫొటో సెన్సార్ టెర్మినల్‌కీ తీసుకెళ్లాలి. కొత్త బోర్డులో ఆ రెండింటి మధ్య ఫ్యాక్టరీ వాళ్లు వేసిన చిన్న వైరు ముక్క ఉండొచ్చు. దాన్ని తీసి పారేయండి, జేబులో కూడా పెట్టుకోకండి.

ఎన్‌సీయే ఎందుకు? ఈ కాంటాక్ట్ దారి బాగున్నంతసేపూ కలిసే ఉంటుంది. అది కలిసి ఉంటేనే బోర్డు గేటును మూయనిస్తుంది. ఎవరైనా అడ్డొస్తే విడిపోతుంది, గేటు ఆగుతుంది లేదా వెనక్కి వెళ్తుంది. మరి ఎలుక వైరు కొరికితే? తోటపనిలో పలుగు తగిలి కేబుల్ తెగితే? అప్పుడూ లైను విడిపోయినట్టే కాబట్టి గేటు మూసుకోదు. మీకు చిరాకేస్తుంది, వెతికి బాగుచేయించుకుంటారు. అదే ఎన్‌ఓ మీద కలిపితే, వైరు తెగిన సంగతి ఎవరికీ తెలియదు. గేటు రోజూ చక్కగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఆగాల్సిన రోజున ఆగదు.

డబ్బా మీది గుర్తును ఊరికే నమ్మకుండా మల్టీమీటరు తీయండి. బోర్డు వైపు వైర్లు కలపకముందే, సెన్సార్‌కి సప్లై ఇచ్చి, మీటరును బీప్ మీద పెట్టి కామ్, ఎన్‌సీ పట్టుకోండి. దారి ఖాళీగా ఉంటే బీప్ రావాలి. అరచెయ్యి అడ్డం పెట్టగానే ఆగాలి. పంపే డబ్బాకి సప్లై వైరు ఒకటి పీకండి, అప్పుడూ ఆగాలి. చివరగా అందుకునే డబ్బా సప్లై కూడా పీకండి. అప్పుడు బీప్ మోగితే ఆ సెన్సార్ ఈ పనికి పనికిరాదు, తీసుకెళ్లి మార్చుకోండి.

ఇప్పుడు కరెంటు లైను. మెయిన్ బోర్డు నుంచి గేటుకి విడిగా ఒక లైను తీయండి. దానికి ఎక్కువ కరెంటు లాగితే దానంతటదే పడిపోయే 6 ఆంప్స్ సి కర్వ్ ఎంసీబీ, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీ ఖర్చెందుకని అడిగేవాళ్లుంటారు. తడి నేల మీద నిలబడి, ఇనప గేటును పట్టుకునేది మన ఇంట్లోవాళ్లే. ఇళ్ల గేట్లకి వాడే మామూలు మోటార్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల కేబుల్ సరిపోతుంది.

మట్టిలో పైపులు రెండు వెయ్యాలి, రెండడుగుల లోతులో. ఒకదాంట్లో 230 వోల్టుల కేబుల్, రెండో దాంట్లో సెన్సార్, పుష్ బటన్ లాంటి చిన్న వోల్టేజీ వైర్లు. ఒకే పైపులో కలిపి లాగితే, ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున 230 వోల్టులు సెన్సార్ డబ్బాలోకి వచ్చేస్తాయి. దిమ్మ మీద పైపు మూతులు నాలుగు వేళ్ల ఎత్తు లేచి ఉండాలి, వాన నీళ్లు దిగకుండా. వైర్లు లాగాక మూతుల్ని సీలెంట్‌తో మూసేయండి. ఈ ఒక్క పని మరిచిపోతే వెచ్చదనానికి చీమలు పైపులోంచి ఎక్కి బోర్డు మీద గూడు పెడతాయి. రిలేల మధ్య మట్టి నింపేసిన చీమల్ని పాత బ్రష్‌తో దులిపిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

మోటారు డబ్బాలో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ వైర్లను ఒకే పొడవుకి కత్తిరించకండి. ఎర్త్ వైరును రెండంగుళాలు ఎక్కువ వదలండి. ఎప్పుడైనా కేబుల్ లాగుడు పడితే ఫేజ్ ముందు ఊడాలి, ఎర్త్ చివర్న ఊడాలి. ప్రతి వైరు కొసకీ లగ్ (నొక్కి బిగించే లోహపు తొడుగు) వేసి, స్క్రూ బిగించాక ఒకసారి లాగి చూడండి. కళింగపట్నం, శ్రీకూర్మం వైపు ఇళ్లలో ఈ లగ్ పని ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. ఉప్పుగాలికి వట్టి రాగి కొసలు పచ్చగా చిలుమెక్కిపోతాయి.

మెయిన్ బోర్డులో కలిపే చివరి పని మాత్రం, మీకు అలవాటు లేకపోతే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఎర్త్ సరిగా ఉందో లేదో అతన్నే కొలిచి చెప్పమనండి. మన పాత ఇళ్లలో ఎర్త్ గుంత ఎండిపోయి, వైరు ఉన్నా ఎర్త్ లేనట్టే ఉంటుంది.

ఒక మాట తుపాన్ల గురించి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గేటు తెరవాలంటే మోటారు విడిపించే తాళంచెవే దిక్కు. అది కారు తాళాల గుత్తిలో ఉంటే, కారు తీసుకుని ఎవరో ఊరెళ్లిన రోజున అందరూ లోపలే ఉండిపోతారు. ఇంట్లో తలుపు పక్కన మేకుకి తగిలించి, పెద్దవాళ్లందరి చేతా ఒకసారి విడిపించి చూపించండి. మా అమ్మకి మూడుసార్లు చూపించాను. నాలుగోసారి తనే నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, లివర్ తిప్పి, గేటు తోసేసింది.

కరెంటు ఇచ్చాక ఈరోజుకి బోర్డు మీది చిన్న లైట్లు మాత్రమే చూడండి. చెయ్యి అడ్డం పెడితే సెన్సార్ లైటు మారాలి, తీస్తే మళ్లీ మామూలవ్వాలి. పదిసార్లు చేసినా పదిసార్లూ మారాలి. తర్వాత ఎంసీబీ దించేయండి. గేటు ఎక్కడ ఆగాలో దానికి మనం ఇంకా చెప్పలేదు. లిమిట్ స్విచ్‌లు, తోసే బలం సర్దుబాటు వచ్చే పాఠంలో. అప్పటిదాకా మోటారును విడిపించే ఉంచి, గేటు చేత్తోనే తొయ్యండి.