పాత నవలకు కొత్త పేరు, 4వ పాఠం: రీప్లేస్ ఆల్ చేసిన పని

పాత నవలను కొత్త పేరుతో మళ్లీ అచ్చు వేసేవాళ్ల కోసం రాస్తున్న ఈ పాఠాల్లో, పోయిన పాఠం చివర ఒక వాక్యం రాశాను. ‘పేరు ఖాయమయ్యాక ఫైలంతటా పాతది తీసేసి కొత్తది పెట్టండి’ అని. నా మనసులో ఉన్న ‘అంతటా’ వేరు. అట్ట, టైటిల్ పేజీ, ముద్రణ వివరాల పేజీ, అంతే. మీలో కొందరు మాత్రం ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, ఒక మాటను ఫైలంతటా ఒకేసారి మార్చేసే ‘రీప్లేస్ ఆల్’ నొక్కేశారు. తప్పు నాదే. అందుకని ఈసారి చెప్పాలనుకున్న అట్ట సంగతి పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

ఉదాహరణకు పాత పేరు ‘కోట’, కొత్త పేరు ‘మట్టిబురుజు’ అనుకోండి. కంప్యూటర్‌కు ‘కోట’ ఒక మాట కాదు, వరసగా ఉన్న మూడు గుర్తులు: క, ఓత్వం, ట. ఆ మూడూ ‘కోటి’లో ఉన్నాయి, ‘కోట్లు’లో ఉన్నాయి, ‘కోటీశ్వరుడు’లో ఉన్నాయి. ట తర్వాత వచ్చే గుడి, పొల్లు వేరే గుర్తులు కాబట్టి చాలా ఎడిటర్లు అవి వదిలేసి ముందు భాగాన్ని మార్చేస్తాయి. ‘ఖజానాలో కోటి వరహాలు’ కాస్తా ‘ఖజానాలో మట్టిబురుజుి వరహాలు’ అవుతుంది. అక్కడ తేలుతున్న గుడిని చూశారా? అది కంటికి కనబడుతుంది కాబట్టి నయం. నిజంగా ప్రమాదం ‘రాజు కోటలో లేడు’ దగ్గర ఉంది. అది ‘రాజు మట్టిబురుజులో లేడు’ అయి కూర్చుంటుంది. వ్యాకరణం బాగుంది, అక్షరదోషం లేదు, కథ మాత్రం మారిపోయింది. ఏ స్పెల్ చెకరూ పట్టుకోదు. ‘కోటంతా గాలించారు’ ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

‘పూర్తి పదం మాత్రమే’ అన్న ఆప్షన్ పెడితే సరిపోదా అంటారా? అది చాలా ఎడిటర్లలో ‘కోటి’ని కాపాడుతుంది. కానీ విభక్తి అంటుకున్న చోట్ల, అంటే ముందుమాటలో ‘కోటకు’, ‘కోటలోని పాత్రలు’ అని నవల పేరును ఉద్దేశించి రాసిన చోట్ల, పాత పేరు అలాగే మిగిలిపోతుంది. మన భాషకు ఈ పరికరం సగమే పనికొస్తుంది. ఇక పాత ఫైలు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) టైపు చేసినదైతే, యూనికోడ్‌లో వెతికితే ఒక్కటీ దొరకదు. దొరకలేదంటే లేదని కాదు. ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాల గుర్తులే కావు.

నా పద్ధతి మొరటుది. వెతకడానికి కంప్యూటర్, మార్చడానికి చెయ్యి. ‘ఫైండ్ నెక్స్ట్’ నొక్కుతూ ఒక్కొక్క చోటా ఆగి, ఇది నవల పేరా, కథలోని వస్తువా అని నన్ను నేనే అడుగుతాను. మూడు వందల చోట్ల ఆగాల్సి వచ్చినా సరే. ఇప్పటికే పాడైన ఫైలును బాగు చేయడానికి కూర్చోకండి. పాత కాపీ తెరిచి మళ్లీ మొదలుపెట్టండి. పాత కాపీ లేనివాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: అచ్చయిన పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చి చూడండి.

పాత పేరు దాక్కునే చోట్లు కొన్ని చెబుతాను. హాఫ్ టైటిల్ (టైటిల్ పేజీకి ముందు పేరు మాత్రమే ఉండే పేజీ), పేజీల తలమీద నడిచే పేరు, పుస్తకం వెన్ను. ఈ మూడూ అందరికీ తెలుసు. అయినా నా సొంత పుస్తకం ఒకటి వెన్ను మీద పాత పేరుతోనే అచ్చయింది, కాబట్టి తెలిసినంత మాత్రాన లాభం లేదు. తెలియనివి ఫైలు లోపల ఉంటాయి. ఈపబ్‌లో (ఈ-బుక్ ఫైలులో) పుస్తకం పేరు వేరే ఫీల్డులో ఉంటుంది. మొదటి పేజీలో మార్చినా అది మారదు, పాఠకుడి ఫోన్‌లో పాత పేరే కనిపించవచ్చు. పీడీఎఫ్‌కూ ఇదే గతి. ప్రాపర్టీస్‌లో ఉన్న టైటిల్‌ను మనం చూడం, బ్రౌజర్ ట్యాబ్ చూపిస్తుంది.

ఇతరులు రాసిన ముందుమాట విషయంలో నాకు పట్టుదల ఉంది. పాత పేరును మెచ్చుకుంటూ ఎవరో రాసిన వాక్యంలో మీరు కొత్త పేరు ఇరికించకూడదు. ఆయన ఆ మాట అనలేదు. కింద తేదీ ఉంచి, ‘ఈ ముందుమాట నవల పాత పేరుతో వచ్చినప్పుడు రాసినది’ అని ఒక్క వాక్యం చేర్చండి.

హక్కులు మీ దగ్గర ఉన్నాయో లేదో, పాత అట్ట బొమ్మ ఎవరిదో చూసుకోమని మళ్లీ చెప్పను.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. మీరు పంపిన ముద్రణ వివరాల పేజీల్లో ఎక్కువ వాటిలో ఇలా ఉంది: ‘మొదటి ముద్రణ: 2025.’ మన ఉదాహరణలోని ‘కోట’ 2014లో వచ్చిందనుకోండి. పేరు మార్చగానే పుట్టిన సంవత్సరం కూడా మారిపోతుందా?

కొత్త ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకున్నాం కదా, కొత్త పుస్తకమే కదా అని కొందరు వాదించారు. ఐఎస్‌బీఎన్ నియమం ఏమిటంటే, పేరు మారితే కొత్త నంబరు తప్పనిసరి. అట్ట మాత్రమే మారినా, ధర మారినా, నాలుగు అచ్చుతప్పులు దిద్దినా అక్కర్లేదు. అచ్చు ప్రతికి ఒకటి, ఈపబ్‌కు వేరొకటి. ఆ నంబరు అమ్మకంలో ఒక వస్తువును గుర్తించడానికి. రచన వయసు చెప్పడానికి కాదు. కాపీరైటూ అంతే. అది రచనతో పుడుతుంది, పేరుతో కాదు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత మరణం తర్వాత కనీసం 50 ఏళ్లు ఉంటుంది. పేరు మార్చి దాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించుకోలేరు. కొత్త అధ్యాయం చేర్చి ఉంటే ఆ భాగానికి 2025 రాయండి, పాత భాగం 2014దే.

నష్టం ఎవరికో కూడా చెప్పాలి. మొదటిది, పాత నవల కొని చదివిన మనిషికి. రెండోసారి డబ్బు పెట్టి, మూడో పేజీలో అదే గుర్రం, అదే వాన చూసి మోసపోయానని అనుకుంటాడు. న్యాయమే. రెండోది, మీకే. రేపు అదే కాలం మీద, అదే రాణి మీద ఇంకొకరు 2018లో రాసిన నవల చూపించి మీరే అక్కడి నుంచి ఎత్తుకున్నారని ఎవరైనా అంటే, మీ చేతిలో ఉండాల్సిన మొదటి సాక్ష్యం 2014 అనే అంకె. దాన్ని మీరే చెరిపేశారు. చారిత్రక నవలలో ఇంకో లెక్క కూడా ఉంది. ఒక శాసనం చదివిన తీరు తర్వాత మారి ఉండవచ్చు. 2014లో రాసినవాడికి అది తెలియకపోవడం తప్పు కాదు. 2025లో రాశానని చెప్పుకునేవాడికి తప్పే. మూడోది గ్రంథాలయాలకు. ఒకే రచన రెండు పేర్లతో ఉంటే జాబితాలో రెంటినీ కలపడం వాళ్లకు వచ్చు, పుస్తకంలో మీరు చెబితేనే.

కాబట్టి ఇలా రాయండి:

మొదటి ముద్రణ: 2014 (‘కోట’ అనే పేరుతో)
‘మట్టిబురుజు’ పేరుతో మొదటి ముద్రణ: 2025

అదే మాట వెనక అట్ట మీద కూడా ఉండాలి, ఆన్‌లైన్ అమ్మకపు వివరణలో మొదటి మూడు వాక్యాల్లో ఉండాలి. చీమతలకాయంత అక్షరాల్లో వద్దు. ‘సరికొత్త నవల’ అన్న మాట నాకు ఎక్కడ కనబడినా ఎర్ర సిరాతో కొట్టేస్తాను. ‘పరిష్కృత కూర్పు’ (సవరించిన ఎడిషన్) అనాలంటే నిజంగా పరిష్కరించి ఉండాలి, అక్షరదోషాలు మాత్రమే దిద్దితే అది మరో ముద్రణే.

అభ్యాసం. ఎక్కువే ఇస్తున్నాను, రెండు వారాలు తీసుకోండి. మీ నవలలో పాత పేరులోని మాట వచ్చిన ప్రతి చోటునూ పేజీ నంబరుతో రాసి, పక్కన ‘పేరు’ లేదా ‘వస్తువు’ అని గుర్తు పెట్టండి. రెండూ కాని చోట్లు వస్తాయి. పాత్ర ఎవరో ఆ మాటను ఒత్తి పలికి, నవల పేరును గుర్తుచేసే చోట్లు. వాటిని మార్చకండి, కొత్త పేరును కథలోకి కొత్తగా జొప్పించకండి, ఊరికే నక్షత్రం గుర్తు పెట్టి ఉంచండి. వచ్చే పాఠం వాటి మీదే. తర్వాత మీ కొత్త ఐఎస్‌బీఎన్‌ను చేత్తో సరిచూడండి: బేసి స్థానాల అంకెలను అలాగే ఉంచి, సరి స్థానాల అంకెలను మూడుతో గుణించి, పదమూడింటినీ కలపండి. మొత్తం పదితో భాగించబడకపోతే అంకె ఎక్కడో తప్పు పడింది. బార్‌కోడ్ కింద ఉన్న అంకెలతో కూడా పోల్చండి, పాత బార్‌కోడే అతికించినవాళ్లు ఇద్దరు కనబడ్డారు.