అటక మీది స్కేట్లు దించే ముందు

కార్తీకం వచ్చిందంటే బెజవాడలో ఒళ్ళు కాస్త తేలికపడుతుంది. తెల్లవారుజామున చెమట పట్టకుండా రోడ్డెక్కవచ్చు. సరిగ్గా అప్పుడే, చిన్నప్పుడు ఇన్‌లైన్ స్కేట్లు (ఒకే వరసలో చక్రాలుండే బూట్లు) తొడిగి, చదువు, ఉద్యోగం, పెళ్ళి అంటూ వదిలేసి, ముప్ఫై అయిదు దాటిన నాలాంటివాళ్ళకు అటక మీది పెట్టె గుర్తుకొస్తుంది. 2025 సెప్టెంబరులో చైనాలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో మన దేశపు కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచాక ఆ గుర్తు మరీ ఎక్కువైంది. దించండి, తప్పులేదు. దించిన రోజే తొడుక్కుని వీధిలోకి మాత్రం వెళ్ళకండి.

ముందు బూటు సంగతి. ‘పదిసార్లు కూడా వాడలేదు, కొత్తవాటి కిందే లెక్క’ అనుకోవడం దగ్గరే మోసపోతాం. కొన్ని బూట్లలో పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన భాగాలు ఉంటాయి. గాలిలోని తేమ తగిలి అవి ఏళ్ళ తరబడి లోలోపలే చివికిపోతాయి, వాడినా వాడకపోయినా. మే నెల ఎండకు కాగి, వానాకాలం తేమకు నానే మన అటకల మీద ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. ఒక స్నేహితుడు పదిహేనేళ్ళ నాటి జత తెచ్చి చూపించాడు. పైకి మెరుస్తోంది. మడమ పక్కన బొటనవేలితో నొక్కితే నానిన బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది. అదే రోడ్డు మీద, కాలు లోపల ఉండగా జరిగి ఉంటే? కాబట్టి నొక్కి చూడండి, చీలమండ దగ్గరి భాగాన్ని ముందుకూ వెనక్కూ వంచి చూడండి, బకిల్ పళ్ళు పట్టుకుంటున్నాయో లేదో చూడండి. లోపలి మెత్తటి లైనర్ నుంచి పొడి రాలితే ఆ జతకు అక్కడే సెలవు.

చక్రాలను తిప్పే బేరింగులు అంత పెద్ద గండం కాదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లోని మా ఇంట్లో నా స్కేట్లు రెండు రోజులు నీళ్ళలో నానాయి. బేరింగులన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఇవి 608 సైజువి. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. ఒక్కో కాలికి నాలుగు చక్రాలు, చక్రానికి రెండు చొప్పున జతకు పదహారు కావాలి. ఆటోనగర్‌లో బేరింగుల దుకాణానికి వెళ్ళి పదహారు ఇవ్వమంటే, “ఏ మిషనుకండీ?” అన్నాడాయన. “నాకేనండీ” అన్నాను. రెండువైపులా రబ్బరు మూత ఉన్నవి తీసుకోండి. కాస్త నెమ్మదిగా తిరిగినా మన దుమ్ముకు తట్టుకుంటాయి. బయల్దేరే ప్రతిసారీ చక్రాల బోల్టులు అలెన్ కీతో ఒకసారి బిగించి చూడండి.

కొత్తవి కొనేవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు మూడు పెద్ద చక్రాల స్కేట్ల మోజు నడుస్తోంది, 110 మిల్లీమీటర్లవి, 125వి. గతుకుల మీద అవి హాయిగా సాగుతాయి, నిజమే. కానీ మనిషిని ఎత్తులో నిలబెడతాయి, వేగం ఒక పట్టాన తగ్గదు. తిరిగి మొదలుపెట్టేవారికి 80 మిల్లీమీటర్ల చక్రాలు నాలుగు చాలు. మడమ వెనకుండే రబ్బరు బ్రేకును చిన్నపిల్లల సరంజామా అని పీకేయకండి.

ఎందుకంటే, ఏళ్ళ తర్వాత స్కేట్లు తొడిగితే వేగం పది నిమిషాల్లో తిరిగొస్తుంది. ఆగడం రావడానికి వారాలు పడుతుంది. నేను మొదటిరోజు గర్వంగా ముందుకెళ్ళి, ఎదురుగా పాల ప్యాకెట్ల సైకిలు కనపడితే గోడను కౌగిలించుకుని ఆగాను. అందుకే మొదటి వారం ఒకటే పని. ఖాళీగా ఉన్న నున్నటి చదును నేల చూసుకుని, మోకాళ్ళు వంచి, బ్రేకున్న కాలు ముందుకు చాపి, వేలివైపు పైకెత్తి ఆగడం, మళ్ళీ ఆగడం. ఇంట్లో పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. అర నిమిషం నిలవలేని చీలమండ చక్రాల మీద ఏం నిలుస్తుంది?

మణికట్టుకు తొడిగే రిస్ట్ గార్డులు లేకుండా మాత్రం అడుగు వేయకండి. పడేటప్పుడు చెయ్యి తనంతట తానే ముందుకొస్తుంది, బరువంతా మణికట్టు మీద పడుతుంది. గార్డులోని ప్లాస్టిక్ పలక నేల మీద జారి ఆ దెబ్బను పక్కకు మళ్ళిస్తుంది. హెల్మెట్ తల వెనకభాగం దాకా దిగేది కావాలి. మనం ఎక్కువ భయపడాల్సింది వెల్లకిలా పడటానికే.

ఇక మన ఊరి నేల. తడిసిన నున్నటి నేల మీద ఈ చక్రాలు అసలు పట్టవు. కార్తీకంలో పున్నమి ఘాట్, పద్మావతి ఘాట్ వైపు అస్సలు వద్దు. దీపాల నూనె పలకల మీద జిడ్డుగా పరుచుకుని ఉంటుంది, కంటికి కనపడదు. ధనుర్మాసంలో అయిదున్నరకే ప్రతి గుమ్మం ముందూ కళ్ళాపి, ఆపై ముగ్గుపిండి. తడి మీద పిండి పడిందంటే సబ్బు రాసినట్టే. పైగా అరగంట కష్టపడి వేసిన ముగ్గు మీదుగా చక్రాలు పోనిస్తే ఆ ఇంటావిడ నోటికి మీ హెల్మెట్ అడ్డం రాదు. ఎండ వచ్చాక, నేల ఆరాక వెళ్ళడమే మంచిది.

కంకిపాడు, ఉయ్యూరు వైపు రోడ్డు బాగుందని బయల్దేరేవాళ్ళు, కోతల రోజుల్లో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారని మరిచిపోకండి. నాలుగు గింజలు చక్రం కింద పడితే చాలు, కాలు పక్కకు పోతుంది. వానలకు కొట్టుకొచ్చిన ఇసుకా అంతే. సంక్రాంతికి వారం ముందు నుంచి గాలిపటాల దారాలు మెడ ఎత్తున వేలాడుతుంటాయి. ఆ రోజుల్లో మేడల మధ్య సందులు మానేయండి.

చివరిగా కుక్కలు. చక్రాల గరగర వినగానే మా వీధి చివరి నల్లకుక్కకు పూనకం వస్తుంది. వేగం పెంచి తప్పించుకోవాలని చూశాను, పిక్క దాకా వచ్చింది. ఆగి, కదలకుండా నిలబడితే అది కూడా ఆగి, వాసన చూసి, వెళ్ళి పడుకుంది. ఇప్పుడు ఆ మలుపు దాకా స్కేట్లు చేత్తో పట్టుకుని చెప్పులతోనే నడుస్తున్నాను.