.22 టార్గెట్ తూటాల టెస్టింగ్: గ్రూపు చెదిరితే ఎక్కడ వెతకాలి?

.22 లాంగ్ రైఫిల్ తూటాలు టెస్ట్ చేసేటప్పుడు గ్రూపు (ఒకే గురికి కాల్చిన షాట్లు టార్గెట్ మీద పడిన గుంపు) పెద్దదైతే చాలామంది వెంటనే బ్రాండు మార్చేస్తారు. దానివల్ల ఏమీ తేలదు. ముందు గ్రూపు ఏ ఆకారంలో చెదిరిందో చూడండి, సగం కారణం అక్కడే దొరుకుతుంది. కింద రాసినవన్నీ 50 మీటర్ల దగ్గర, రైఫిల్‌ను రెస్ట్ (కదలకుండా ఆన్చే స్టాండు) మీద పెట్టి చేసే టెస్టు గురించి. ఆ దూరంలో ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ టార్గెట్ మీద పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లే.

సమస్య: గ్రూపు నిలువుగా సాగుతోంది

మొదట అనుమానించాల్సింది వేగంలో తేడాని. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో ప్రైమర్ మందు, అంటే దెబ్బకి మొదట అంటుకునే మందు, అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. అది ఒక చోట పలచబడినా, ఫైరింగ్ పిన్ దెబ్బ సరిగా పడకపోయినా మంట ఒక్కలా అంటుకోదు. సెకనుకు 325 మీటర్ల వేగంతో బయల్దేరిన బుల్లెట్ 50 మీటర్లు చేరేలోపు 12 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. వేగం 10 మీటర్లు తగ్గితే ఇంకో 7, 8 మిల్లీమీటర్లు జారుతుంది. పది రింగులో ముప్పాతిక వంతు అక్కడే పోయింది. 100 మీటర్ల దగ్గరైతే ఆ తేడా సుమారు నాలుగింతలు.

క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి చూడండి. వేగాలు దగ్గరదగ్గరగా ఉండి కూడా గ్రూపు నిలువుగానే వస్తుంటే తప్పు తూటాది కాకపోవచ్చు. ప్రతి షాట్‌కీ రైఫిల్ రెస్ట్ మీద ఒకే చోట కూర్చుంటోందా, భుజం ఒత్తిడి మారుతోందా చూసుకోండి. వేగాలు చెల్లాచెదురుగా ఉంటే కాల్చిన కేసుల (ఖాళీ తొడుగుల) అంచు మీద పిన్ గుర్తు చూడండి. లోతు తక్కువగా ఉన్నా, ఒక్కో కేసు మీద ఒక్కోలా ఉన్నా బోల్ట్ శుభ్రం చేసి, స్ప్రింగ్ మార్చి, అదే లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మళ్ళీ కాల్చండి. అప్పటికీ మారకపోతేనే లాట్‌ని పక్కన పెట్టాలి.

ఒక చిక్కు ఉంది. బ్యారెల్ కంపనం కలిసొస్తే నెమ్మది బుల్లెట్ కాస్త పైకి బయల్దేరి, ఒక ఫలానా దూరంలో ఈ తేడాని కప్పేస్తుంది. కాబట్టి క్రోనోగ్రాఫ్ అంకె ఒక్కటే చూసి లాట్ కొనకండి.

సమస్య: గ్రూపు అడ్డంగా సాగుతోంది

దాదాపు ఎప్పుడూ గాలే. గాలి ఎటు వీస్తోందో చూపే ఫ్లాగులు పెట్టండి, కుదిరితే ఇండోర్ రేంజ్‌లో టెస్ట్ చేయండి. రైఫిల్ పక్కకి ఒరుగుతోందేమో కూడా చూడండి.

సమస్య: బ్రాండు మార్చగానే మొదటి షాట్లు ఎటో పోతున్నాయి

బుల్లెట్ మీద పూసే మైనం లాంటి లూబ్ ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పాతది పోయి కొత్తది బ్యారెల్‌కి పట్టేదాకా గ్రూపు కుదురుకోదు. బ్యారెల్ తుడిచి, కొత్త తూటాలు పది, ఇరవై కాల్చాక లెక్క మొదలుపెట్టండి. ఐదు ఇవి, ఐదు అవి అని మార్చిమార్చి కాల్చే టెస్టు పనికిరాదు.

సమస్య: తొమ్మిది కలిసి పడ్డాయి, ఒకటి దూరంగా పడింది

ట్రిగ్గర్ దగ్గర తప్పు జరిగిందని షాట్ పడకముందే మీకు తెలిస్తే తప్ప దాన్ని లెక్కలోంచి తీసేయొద్దు. మేగజైన్ నుంచి ఎక్కేటప్పుడు మెత్తని సీసం గీసుకుపోతుందేమో చూడటానికి ఒక్కొక్కటి చేత్తో పెట్టి కాల్చండి. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందు పేరుకున్న కార్బన్ రింగ్ (మసి వలయం) కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని శుభ్రం చేయండి. గ్రూపు రెండు ముద్దలుగా పడితే యాక్షన్ స్క్రూలు (బ్యారెల్, బోల్ట్ ఉండే భాగాన్ని స్టాక్‌కి బిగించేవి), స్కోప్ మౌంట్ బిగువు చూడండి. ఇక రిమ్ మందం కొలిచి, తూకం వేసి ఏరుకోవడం అంటారా, చవక తూటాల్లో బాగా తేడా ఉన్నవాటిని ఏరేయడానికి పనికొస్తుందేమో గానీ మ్యాచ్ గ్రేడ్ తూటాలకి నా ఉద్దేశంలో టైమ్ వేస్ట్.

సమస్య: అదే బ్రాండు, కొత్త పెట్టె, గ్రూపు పెద్దది

పెట్టె మీద లాట్ నంబర్ చూడండి. మారిందంటే మీ బ్యారెల్ వరకు అది వేరే తూటా కిందే లెక్క. ఇలే, లపువా లాంటి కంపెనీలు షూటర్లు సొంత రైఫిల్ తెచ్చుకుని లాట్లు పోల్చుకునేలా టెస్ట్ రేంజ్‌లు నడిపేది ఇందుకే. వేరేవాళ్ళ రైఫిల్‌లో అదరగొట్టిన లాట్ మీ రైఫిల్‌లో సాదాసీదాగా ఉండొచ్చు.

ఇంట్లో పోల్చుకోవాలంటే ఒక్కో లాట్‌కి పదేసి షాట్ల గ్రూపులు నాలుగు తీసి, గురి బిందువు ఆధారంగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఐదు షాట్ల గ్రూపు ఒక్కటి బాగా వచ్చిందంటే అది అదృష్టం కూడా కావచ్చు. నచ్చిన లాట్ దొరికితే సీజన్‌కి సరిపడా ఒకేసారి తీసుకోండి. ఎండలో వదిలేసిన పెట్టెని నీడలో ఉంచిన పెట్టెతో పోల్చకండి, వేడికి వేగం మారుతుంది.

సమస్య: తూటా పేలలేదు, లేదా శబ్దం మెత్తగా వచ్చింది

పేలకపోతే రైఫిల్ మొనను టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తర్వాతే బోల్ట్ తెరవండి. శబ్దం మెత్తగా వస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనపడుతోందో లేదో చూడకుండా ఇంకో తూటా ఎక్కించొద్దు.