రోజూ టోల్ కట్టి వెళ్లడం లాభమా? తిరుపతి–చిత్తూరు ప్రయాణికులు లెక్క చూసుకునే తీరు

తిరుపతిలో కాపురం ఉండి చిత్తూరులో ఉద్యోగం చేసేవారికీ, చిత్తూరు నుంచి రోజూ కారులో తిరుపతికి వచ్చి పోయేవారికీ, గాదంకి టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్ నుంచి కోత పడే సొమ్ము నెలాఖరుకు బాగానే కనిపిస్తుంది. ఆ ఖర్చు గిట్టుబాటవుతోందో లేదో ఊహతో కాక లెక్కతో తేల్చుకోవాలి.

కాలిఫోర్నియాలో 91వ నంబరు రహదారిపై 1995లో మొదలైన ఎక్స్‌ప్రెస్ లేన్లలో రద్దీ వేళ రుసుము పెరుగుతుంది, పక్కనే ఉచిత లేన్లూ ఉంటాయి కనుక, అక్కడ డబ్బు కట్టినవారు కొనుక్కునేది సమయాన్నే. మన జాతీయ రహదారిపై టోల్ వాహన రకాన్ని బట్టి ఉంటుంది. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉందా, కిక్కిరిసి ఉందా అన్నదానితో దానికి సంబంధం లేదు. కాబట్టి టోల్ కట్టినంత మాత్రాన త్వరగా చేరతామన్న హామీ కూడా లేదు.

అందువల్ల మొదట ఇంటి నుంచి ఆఫీసు వరకు పట్టే మొత్తం సమయాన్ని చూడాలి. ప్లాజా దాటాక ఫోనుకు వచ్చే మెసేజ్‌లో తేదీ, సమయం ఉంటాయి. బయల్దేరిన సమయాన్నీ, కారు నిలిపిన సమయాన్నీ దాని పక్కన రాసుకుంటూ పోతే, రెండు వారాల్లో ప్లాజా వరకు ఎంత పోతోందో, అక్కడి నుంచి ఎంత పోతోందో తేలిపోతుంది. తిరుపతి వైపు వచ్చేవారికి హైవే మీద మిగిలిన నిమిషాలు లీలామహల్ సర్కిల్, బస్టాండు పరిసరాల్లో హరించుకుపోవచ్చు. అక్కడ ఆదుకోగలిగేది రుసుము లేని శ్రీనివాససేతు వంతెన మాత్రమే, అదీ మన దారి దాని మీదుగా ఉంటేనే.

టోల్ తప్పించుకోవడానికి ఊళ్ల రోడ్డు పట్టేవారు పెట్రోలునూ లెక్కలో వేసుకోవాలి. చుట్టుదారి 10 కిలోమీటర్లు ఎక్కువై, కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, లీటరు ₹110 చొప్పున ₹73 అదనంగా కాలుతుంది. వేగనిరోధకాలు, పశువుల మందలు, ధాన్యం ఆరబోసిన రోడ్లు దీనికి అదనం.

ఇక అసలు కిటుకు పాసుల్లో ఉంది. ఒకవైపు టోల్ ₹100 అనుకుందాం. 24 గంటల్లో తిరిగి వస్తే రానుపోను ఒకటిన్నర రెట్లు, అంటే ₹150 అవుతుంది. నెలకు 25 రోజులు తిరిగితే ₹3,750. 50 ప్రయాణాల నెల పాసుకు మూడింట రెండు వంతుల ధర కనుక సుమారు ₹3,333. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు ప్రారంభ ధర ₹3,000. ఏడాది గాని, 200 ప్రయాణాలు గాని, ఏది ముందు పూర్తయితే అంతవరకు చెల్లుతుంది. ఇలాంటి ప్లాజాల్లో ఒక్కసారి దాటితే ఒక ప్రయాణం కనుక రోజూ తిరిగేవారికి అది నాలుగు నెలల్లో అయిపోతుంది, మళ్లీ కొనుక్కోవాలి. అయినా ఆ ధరకు దాటిన ప్రతిసారీ పడేది ₹15. ఆ పదిహేను రూపాయల కోసం ₹73 పెట్రోలు కాల్చడం దండగని నా అభిప్రాయం.

పాకాల వంటి చోట్ల, ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారు ముందుగా స్థానికుల నెల పాసు గురించి అడగాలి. సొంత కార్లకు ఇచ్చే ఈ పాసు 2025లో సుమారు ₹350. చిరునామా రుజువు కావాలి. ఆ ధరకు నాలుగు నెలలు వాడినా సుమారు ₹1,400 కనుక, రోజూ తిరిగేవారికి వార్షిక పాసు కన్నా ఇదే చౌక. అయితే వాడుకోవడానికి సర్వీసు రోడ్డో, మరో దారో ఉంటే ఈ పాసు ఇవ్వరాదని నిబంధన ఉంది.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కారులో వెళ్తే తలా పడే భారం మరింత తేలికవుతుంది. ఒక్కరే వెళ్లేవారు మాత్రం టోల్‌తో పాటు పెట్రోలు, పార్కింగ్ కలిపి ఆర్టీసీ బస్సు ఛార్జీతో పోల్చుకోవాలి. అప్పుడు తేడా టోల్‌లో కన్నా పెట్రోలులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ద్విచక్ర వాహనాలకు ఈ ప్లాజాలో టోల్ లేదు.

వార్షిక పాసును రాజమార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకోవచ్చు. ఫాస్టాగ్ వాహనం రిజిస్ట్రేషన్ నంబరుతో నమోదై ఉండాలి, ఒక్క ఛాసిస్ నంబరుతో ఉంటే పనికిరాదు. పసుపు నంబరు ప్లేటు ట్యాక్సీలకు ఈ పాసు ఇవ్వరు. జాతీయ రహదారుల ప్లాజాల్లోనే చెల్లుతుంది కనుక తిరుమల కొండెక్కేటప్పుడు అలిపిరిలో కట్టే రుసుము దీనితో తీరదు.